ఆ ఫలకం మీద 1896 అని చెక్కించకండి: పర్లాకిమిడి కళాశాల పూర్వ విద్యార్థులకు బహిరంగ లేఖ

పూర్వ విద్యార్థులైన పెద్దలకు, మిత్రులకు నమస్కారాలు.

మన కళాశాలకు వెళ్ళే దారిలో ఉన్న దర్జీ దుకాణాన్ని దాని వారసులు విప్పించి, ఆ స్థలంలో కొత్త కట్టడం కట్టించుకోబోతున్న సంగతి మీకు తెలిసినదే. ముందు గోడనైనా నిలిపి, దానికొక పాలరాతి ఫలకం పెట్టించాలని మీలో కొందరు సంకల్పించారు. ఫలకం మీద చెక్కించదలచిన వాక్యాలు చేతులు మారుతూ నా దాకా వచ్చాయి. ‘కళాశాలతో పాటు 1896లో వెలసిన భవనం’ అన్నది ఒకటి. ‘గిడుగు రామమూర్తి పంతులుగారి కోటు కుట్టిన చోటు’ అన్నది రెండవది. సంకల్పాన్ని నేను మనసారా అభినందిస్తున్నాను. నా అభ్యంతరమల్లా ఆ రెండు వాక్యాలతోనే.

ఇందులో తలదూర్చడానికి నాకున్న అర్హత ఏమిటో ముందే చెప్పడం మర్యాద. హైస్కూలులో చదివే రోజుల్లో నేను ఆ దుకాణం వెనుక గదిలో సాయంత్రం పూట కాజాలు కుట్టేవాణ్ణి. పది కాజాలకు పావలా ఇచ్చేవారు. దారానికి మైనం పట్టించడం, కాజా కొసన కట్టు వేయడం, కోటులో వేసే కాన్వాసును ముందు రోజు రాత్రే నీళ్ళలో నానబెట్టి ఆరవేయడం నాకు అక్కడే వచ్చాయి. అలా కూడిన డబ్బులతో పుస్తకాలు కొనుక్కుని అదే వీధి చివర ఉన్న కళాశాలలో చరిత్ర చదువుకున్నాను. తర్వాత జీవితమంతా బడిపిల్లలకు అదే చరిత్ర చెప్పాను. కాబట్టి ఆ భవనం మీద మీకున్న మమకారం నాకూ ఉంది, బహుశా ఒక పాలు ఎక్కువే ఉంటుంది. మమకారం ఉన్నచోటే తేదీలు తప్పుతాయని కూడా నా అనుభవం.

కళాశాల 1896లో మొదలైందన్నది నిజం. దుకాణం కూడా అప్పటిదేనన్న మాటకు మూలం మాత్రం దుకాణం నడిపిన దర్జీ మాస్టరుగారు తన బేరగాళ్ళతో సరదాగా అనే ‘కాలేజీ ఎంతో మేమూ అంతే’ అన్న మాట తప్ప మరొకటి నాకు కనిపించలేదు. ఆ మాట నేనూ వందసార్లు విన్నాను. అది వ్యాపారస్తుడు తన పరపతి గురించి చెప్పుకున్న మాటే గాని పునాదిరాయి గురించి చెప్పిన మాట కాదు.

భవనం తన వయసు తానే కొంత చెబుతోంది. వెనుక పనిగది కప్పు మనం బెంగుళూరు పెంకులని పిలిచే మంగుళూరు పెంకులది. బాసెల్ మిషన్ వారు మంగుళూరులో 1865లో పెంకుల కర్మాగారం పెట్టారు. పెంకు అడుగున కర్మాగారం పేరు అచ్చువేయడం ఆ పరిశ్రమలో ఆనవాయితీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు ఆ కప్పు సగానికి సగం లేచిపోయింది. పెరట్లో పడిన పెంకులను ఏరడానికి వెళ్ళిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. పగలకుండా మిగిలిన వాటిని తిప్పి చూస్తే ఎక్కువ వాటి మీద ‘కామన్‌వెల్త్’ అన్న అచ్చు కనిపించింది. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో బ్రిటిష్ ప్రభుత్వం బాసెల్ మిషన్ కర్మాగారాలను స్వాధీనం చేసుకోగా, 1919లో ఏర్పడిన కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి అవి వెళ్ళాయి. అందువల్ల ఆ పెంకులు 1919కి ముందువి కానేరవు.

పెంకులు ఎప్పుడైనా మార్చి ఉండవచ్చు కదా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందు హాలుకు రండి. అది మద్రాసు మిద్దె: సాలకర్ర దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో దిమ్మిస కొట్టి వేసిన కప్పు. ఆ దూలాలన్నిటినీ నడిమధ్య మోసేది ఒక ఇనుప దూలం. రంగు పొరలు గీకితే దాని నడుము మీద ‘టాటా’ అన్న అక్షరాలు చేతికి తగులుతాయి. జంషెడ్‌పూరులో టాటా వారి ఉక్కు తయారీ మొదలైందే 1912లో. ఈ దూలాన్ని తర్వాత తెచ్చి దూర్చారనడానికి కూడా వీలు లేదు. దాని కొసలు కూర్చున్న రాతి దిమ్మలు గోడ వరసలతో కలిపి కట్టినవే గాని గోడను తొలిచి పెట్టినవి కావు. ఇంత బరువైన ఇనుము మన ఊరికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు సులువు. మహారాజావారు వేయించిన నౌపడా చిన్న రైలు 1900 ఏప్రిల్ 1నే మొదలైంది. దాన్ని 1931లో గుణుపురం దాకా పొడిగించారు. రెండున్నర అడుగుల ఆ సన్న పట్టాల మీద మన ఊరికి ఉప్పు, కిరసనాయిలు, పాఠ్యపుస్తకాలు, విద్యార్థులు, ఇనుప దూలాలు అన్నీ వచ్చాయి.

మూడవది కుట్టుమిషను. మాస్టరుగారు చివరి దాకా తొక్కిన సింగరు మిషను పీఠం మీద ఒక సంఖ్య ఉంది, దానికి ముందు ‘వై’ అన్న అక్షరం ఉంది. సింగరు కంపెనీ తన మిషన్ల సంఖ్యలకు ముందు అక్షరం చేర్చడం 1900లో మొదలుపెట్టింది. ‘వై’ వరస స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో 1921 నుంచి తయారైన మిషన్లది. మిషను కదిలే వస్తువు, దానితో గోడల వయసు తేలదని నాకూ తెలుసు. అయితే పెంకు, దూలం, మిషను మూడూ ఒకే దశాబ్దం వైపు వేలు చూపిస్తున్నప్పుడు, ఇప్పుడు మనం చూస్తున్న భవనం 1920లకు అటూ ఇటూ కట్టినదని అనుకోవడమే సబబు. వెనుక పక్క మాత్రం మట్టితో పెట్టిన, మూరన్నర మందమున్న ఒక గోడ ఉంది. అది అంతకు ముందు అక్కడున్న ఇంటిది; దాన్ని కొత్త కట్టడంలో కలిపేసుకున్నారు. పాతదనం కావాలనుకునేవారు నిలబెట్టవలసినది నిజానికి ఆ గోడను. రంగులు వేసి, బోర్డు తగిలించిన ముందు గోడ చూపులకు బాగుంటుంది, అంతే.

భవనం నూరేళ్ళు దాటిందని చూపిస్తే ప్రభుత్వ రక్షణ దొరుకుతుందన్న ఆశ 1896 వెనుక ఉందని ఒక మిత్రుడు చెప్పాడు. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టంలో నూరేళ్ళ షరతు ఉన్న మాట నిజమే. దానితో పాటు ఆ కట్టడానికి చారిత్రక, పురావస్తు లేదా కళాత్మక ప్రాముఖ్యం కూడా ఉండాలి. మన దుకాణం మహారాజావారి బృందావన ప్యాలెస్ కాదు. వయసు పాతికేళ్ళు పెంచినంత మాత్రాన అది ఆ పట్టికకు ఎక్కదు. పెంచిన సంగతి బయటపడితే మాత్రం మనం చెప్పే నిజాలకు కూడా విలువ పోతుంది.

ఇక గిడుగు వారి కోటు. ఈ మాట రాస్తున్నప్పుడు చేయి కొంచెం వణుకుతోంది, ఎందుకంటే ఆయన పేరు మన ఊళ్ళో ఇంటి పెద్ద పేరు వంటిది. ఆయన 1880లో ఉపాధ్యాయుడిగా పర్లాకిమిడి వచ్చారు, ఇక్కడి పాఠశాలలోను కళాశాలలోను బోధించి 1911లో ఉద్యోగం విరమించారు, సవరల భాష నేర్చుకుని వారి పిల్లలకు బడులు పెట్టారు, వాడుక భాష కోసం పండితులతో పోరాడారు. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో చేరినప్పుడు మనసు నొచ్చుకుని రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అంటే ఈ భవనం లేచిన తర్వాత కూడా పది పన్నెండేళ్ళు ఆయన ఇదే ఊళ్ళో ఉన్నారు. కోటు ఇక్కడ కుట్టించుకోవడం అసంభవమేమీ కాదు. అయితే అసంభవం కాకపోవడం వేరు, ఆధారం ఉండటం వేరు. దుకాణంలో మిగిలిన కొలతల పుస్తకాల్లో అన్నిటికంటే పాతది స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతిది. పంతులుగారు 1940లోనే కాలం చేశారు. ఆ ముందరి పుస్తకాలు చెదలకు పోయాయని మాస్టరుగారు చెప్పారు.

శ్రీముఖలింగం గుడి శాసనాలను స్వయంగా చదివి, వాడుక మాటకు పూర్వ కవుల ప్రయోగాలనే సాక్ష్యంగా పేర్చి వాదించిన మనిషి ఆయన. ఎవరో చెప్పగా విన్నామన్న మాటను రాతి మీద ఎక్కించి, కింద ఆయన పేరు పెడితే ఎదటివాళ్ళ సంగతి ఎలా ఉన్నా ఆయనే ఒప్పుకోరు. ఆయనకు ఊళ్ళో గౌరవం చేయదలిస్తే ఆయన పాఠం చెప్పిన చోట చేద్దాం. నేను చందా ఇస్తాను.

అసలు ఆ దుకాణంలో భద్రపరచవలసినది గోడ కంటే ముందు ఆ కొలతల పుస్తకాలని నా అభిప్రాయం. పొడవాటి, ఎర్ర గుడ్డ అట్టల పుస్తకాలు. ఒక్కొక్క పేజీలో పైన పేరు, ఊరు. కింద పొ, ఛా, భు, చే, మె అని తెలుగు పొడి అక్షరాలు. వాటి పక్కన అంగుళాలు. పొడవు, ఛాతీ, భుజం, చేయి, మెడ అన్నమాట. ప్యాంటుకైతే న, సీ, తొ, మో: నడుము, సీటు, తొడ, మోకాలు. బేరగాడు ఒడియావాడైనా, సవర అయినా, తెలుగువాడైనా మాస్టరుగారి పద్దు తెలుగులోనే సాగేది. ఊళ్ళ పేర్లు చూస్తే మన కళాశాలకు ఏ మూల నుంచి పిల్లలు వచ్చేవారో తెలిసిపోతుంది: పాతపట్నం, మెళియాపుట్టి, కాశీనగరం, గుణుపురం, గారబంధ, మోహన, టెక్కలి. 1936లో సరిహద్దు గీత పడి, మనకు కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. గీత పడ్డ పాతికేళ్ళకు కూడా ఆ పుస్తకాల్లో అటూ ఇటూ ఊళ్ళు ఒకే పేజీలో పక్కపక్కనే ఉన్నాయి. అటు వెళ్ళవలసిన పొట్లాలను మాస్టరుగారు చిన్న రైల్లో ఎక్కే ఎవరో ఒక విద్యార్థి చేతికిచ్చి పంపేవారు. పొట్లం చేరలేదన్న మాట నేనున్న రోజుల్లో ఎన్నడూ వినలేదు.

కూలి వరసలో అణాలు పోయి నయాపైసలు వచ్చిన పేజీ కూడా అందులో ఉంది. అది 1957 ఏప్రిల్ 1. మన ఊరి చరిత్రలో ఈ తేదీ ఎన్నిసార్లు వస్తుందో గమనించారా? రైలు వచ్చింది 1900 ఏప్రిల్ 1న, ఒరిస్సా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న, మన మహారాజా కృష్ణచంద్ర గజపతి ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) అయింది 1937 ఏప్రిల్ 1న. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే రోజు కావడమే దీనికి చాలావరకు కారణమని తెలిసి కూడా తరగతిలో పిల్లలకు ఈ నాలుగు తేదీలూ వరసగా చెప్పి ఆశ్చర్యపరచడం నాకొక అలవాటు. మాస్టరుగారు ఆ పేజీలో కొన్నాళ్ళు రెండు లెక్కలూ పక్కపక్కనే వేశారు. ‘ఆరణాలు, అనగా 37 న.పై.’ అని ఒకచోట ఉంది. ఆరణాలంటే ముప్ఫై ఏడున్నర పైసలు. అర పైసా బేరగాడికి వదిలేశారు.

బట్టల రకాలు కూడా అంతే. మొదటి పుస్తకంలో డ్రిల్లు, పాప్లిను, ఖద్దరు. యుద్ధకాలం నాటి కంట్రోలు బట్ట అన్న మాట అప్పటికింకా పోలేదు. తర్వాత ఎన్‌సీసీ పిల్లల ఖాకీ పేజీల కొద్దీ వస్తుంది. ఆ తర్వాత టెరిలిన్ వచ్చి ఇస్త్రీపెట్టె బొగ్గులకు పనితగ్గించింది. ఆపైన ప్యాంటు అడుగు కొలత ఏటేటా పెరుగుతూ పోయి, పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు అంగుళాలై, అకస్మాత్తుగా మళ్ళీ పదహారుకు పడిపోతుంది. బెల్‌బాటం ఊరికి వచ్చిన ఏడూ పోయిన ఏడూ ఇంతకంటే ఖచ్చితంగా మరెక్కడా దొరకవు. పట్టా పుచ్చుకోవడానికి వెళ్ళలేని పిల్లలు ఫోటో కోసం అద్దెకు తీసుకునే నల్ల గౌన్ల లెక్క చివరి పేజీల్లో విడిగా ఉండేది. గౌను తీరు మాత్రం మాస్టరుగారు విశ్వవిద్యాలయాన్ని బట్టి అడిగి తెలుసుకునేవారు. ఉత్కల విశ్వవిద్యాలయం 1943లోను, బరంపురం విశ్వవిద్యాలయం 1967లోను వచ్చాయి గనుక ఆయన కాలంలోనే అది మారింది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆ పుస్తకాల్లో ఉన్నవి మనుషుల శరీరాలు. ‘కుడి భుజం దిగింది’, ‘కొంచెం గూని, చెప్పకూడదు’ వంటి మాటలు మాస్టరుగారు తన చేతిపనికోసం రాసుకున్నవే గాని లోకానికి చూపడానికి కాదు. మనలో కొందరి నడుము ఇరవై ఎనిమిది అంగుళాల నుంచి నలభై దాకా చేసిన ప్రయాణం కూడా అందులో భద్రంగా ఉంది. కాబట్టి పుస్తకాలను భద్రపరచడం వేరు, పేజీలను ఫోటోలు తీసి ఊరంతా పంచడం వేరు. పేర్లు కప్పి చదవడానికి ఇచ్చే పద్ధతి ఏదైనా పెట్టుకోవాలి.

వారసుల గురించి ఒక్క మాట. వారిని ఎవరూ తప్పు పట్టవద్దు. రెడీమేడ్ వచ్చాక కుట్టుపని ఏమైందో అందరికీ తెలుసు. ఆ పిల్లలు ఒడియా మీడియంలోను ఇంగ్లీషు మీడియంలోను చదువుకున్నారు. తాత రాసిన తెలుగు పద్దు వారికి కూడబలుక్కుని చదవడం కూడా రాదు. స్థలం కాగితాలదీ అదే తంతు. పాత ముచ్చిలికా, అంటే ఒప్పంద పత్రం, గొలుసుకట్టు తెలుగులో ఉంది, తర్వాతి పట్టా ఒడియాలో ఉంది. రెండూ చదవగలిగిన మనుషులు ఇప్పుడు వీధిలో ముగ్గురో నలుగురో ఉన్నాము. వారికి ఇల్లు విప్పుకునే హక్కు ఎంత ఉందో, మనకు అడిగే హక్కు అంతే ఉంది, దబాయించే హక్కు లేదు.

అందుచేత మీకు నా మనవి ఇది. ఫలకానికి పోగుచేసిన డబ్బుతో ముందుగా ఆ భవనాన్ని కొలిపించండి. జీవితమంతా ఊరివాళ్ళ కొలతలు తీసిన ఇంటికి ఒక్కసారి కొలతలు తీయించడం కష్టమైన పని కాదు. ఇంజనీరింగు చదివే పిల్లలు నలుగురు టేపు పట్టుకుని నాలుగు రోజులు కూర్చుంటే గదులు, మిద్దె కప్పు, వెనుక మట్టి గోడ, పెరటి బావి అన్నీ కాగితం మీదికి వస్తాయి. విప్పేటప్పుడు అచ్చున్న పెంకులు పది, ఇనుప దూలం మీద పేరున్న ముక్క, సాలకర్ర ఒక్క పలకతో చేసిన కటింగు బల్ల పక్కకు తీసి ఉంచడానికి వారసులు ఇదివరకే ఒప్పుకున్నారు. కొలతల పుస్తకాలను కళాశాల గ్రంథాలయానికి ఇవ్వడానికి కూడా వారికి అభ్యంతరం లేదు, అయితే తీసుకున్నట్టు రసీదు కావాలన్నారు. అది వారి తాత నేర్పిన అలవాటు. రసీదు లేకుండా ఆయన బట్ట ముక్క కూడా పుచ్చుకునేవారు కాదు. ముందు గోడ నిలిచినా నిలవకపోయినా ఫలకం మాత్రం పెట్టండి. దాని మీద రాయడానికి నాకు తోచిన మాట ఇది: ‘1920ల నాటి భవనం. మూడు తరాల పాటు కళాశాల విద్యార్థులకు ఇక్కడ బట్టలు కుట్టారు.’ ఇంతకంటే పాత తేదీకి మీలో ఎవరి దగ్గరైనా ఆధారం దొరికితే ఆ రోజే ఈ లేఖను వెనక్కు తీసుకుని, అందరి ముందూ పొరపాటు ఒప్పుకుంటాను.

ఆధారం దొరికే చోటు కూడా చెబుతాను. మాస్టరుగారి తండ్రి కాలం నుంచి కోటు మెడ వెనుక, లైనింగు మీద వేలెడంత పేరు పట్టీ కుట్టేవారు. నేను కాజాలు కుట్టే రోజుల్లో దాని మీద దుకాణం పేరు కింద ‘పర్లాకిమిడి, గంజాం జిల్లా’ అని ఉండేది. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా ఏర్పడ్డాక కొత్త పట్టీలు నేయించారు. ఒరిస్సాలో చేరకముందు, అంటే 1936కు ముందు కుట్టిన కోటు ఏదైనా మిగిలి ఉంటే దాని పట్టీ మీద మద్రాసు అన్న మాట ఉండవచ్చు. అటువంటి పట్టీ నేను ఇంతవరకు చూడలేదు. మీ తాతగారిదో, ముత్తాతగారిదో పాత కోటు పెట్టె అడుగున ఉంటే నాఫ్తలీను ఉండలు దులిపి, మెడ పట్టీ తిప్పి చూడండి. చిరిగిపోయిన కోటైనా సరే, పారేయకండి. వెనుక గది పెంకులు దించేది దసరా తర్వాతనేనని వారసులు మాట ఇచ్చారు. ఆలోగా తెలియజేస్తే ఫలకం మీది మాటలు మార్చడానికి వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
కాజాలు కుట్టిన ఒక పూర్వ విద్యార్థి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.